కస్టర్డ్ పొగ నైవేద్యం

మా పక్కింటి డాక్టర్ శేషగిరిగారికి సూదంటే చచ్చేంత భయం. పిల్లల డాక్టరుగా మా అమెరికా ఊరు షామ్‌బర్గ్‌లో సగంమంది తెలుగు పిల్లలకు సూదులు పొడిచి రిటైరైన మనిషి! ఆయన సూదికి గుక్కపట్టి ఏడ్చిన భవితే ఇప్పుడు ఆయనకు షుగర్ డాక్టరు.

"అంకుల్, ఇంక స్వీట్స్ టోటల్‌గా స్టాప్ చేయండి. నెక్స్ట్ విజిట్‌కి షుగర్ తగ్గకపోతే ఇన్సులిన్ స్టార్ట్ చేస్తా" అందట ఆ పిల్ల. ఇంటికొచ్చిన ఆయన ముఖంలో నెత్తురు చుక్క లేదు.

తీపి లేనిదే ఆయనకు ముద్ద దిగదు. కొన్నాళ్ళు ఓర్చుకుని, ఇక ఉండబట్టలేక, నికోటిన్ లేని వేప్ ఒకటి, అదే బ్యాటరీతో పొగొచ్చే సిగరెట్టు గొట్టం, కొనుక్కొచ్చారు. కస్టర్డ్ ఫ్లేవర్. పీల్చడమే, తినే పని లేదు. పైగా తల ముగ్గుబుట్టయిన తనను షాపు కుర్రాడు వయసు చాలిందో లేదో ఐడీ చూపించమన్నాడని ఒకటే మురిపెం.

"మరి ఊపిరితిత్తుల సంగతేమిటండీ? మీరే డాక్టరు కదా!" అన్నాను.

"అది ఇంకో డాక్టరు డిపార్ట్‌మెంటయ్యా మూర్తీ!"

అక్కడితో ఆగితే బాగుండేది. దేవుడికి చూపించకుండా తీపి నోట్లో పెట్టుకోవడం ఆయన పుట్టి బుద్ధెరిగి ఎరగరు. అందుకని రోజూ పొద్దున్నే ఆ గొట్టాన్ని వెండి పళ్ళెంలో పెట్టి, వెంకటేశ్వరస్వామి ముందు నీళ్ళు తిప్పి, "ప్రాణాయ స్వాహా" అని, ఆ తర్వాతే దమ్ము లాగేవారు.

ఒకనాడు అది ఆయన భార్య నాగమణిగారి కంటబడింది. ఆవిడ కేక మా వంటింట్లోకి వినిపించింది.

"నిన్న మీ నోట్లో పెట్టుకున్నదేగా ఇది? ఎంగిలి గొట్టం స్వామికి పెడతారా!"

"కడిగానే!"

"కడిగితే ఎంగిలి పోతుందా? అందులోనూ పొగ! స్వామి ఇన్నాళ్ళూ పస్తున్నాడండీ!"

పాపం, ఆవిడ నిజంగానే కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. ప్రాయశ్చిత్తంగా ఆ రోజు నుంచే స్వామికి చక్కెర పొంగలి మొదలైంది. నెయ్యి ఓడుతూ, జీడిపప్పు తేలుతూ. ప్రసాదం కాదంటే కళ్ళు పోవూ? మొదట్లో వేలికొసతో తీసి కళ్ళకద్దుకున్న పెద్దమనిషి, వారం తిరిగేసరికి గిన్నె ముందేసుకుని కూర్చున్నారు. వేప్ సొరుగులోకి పోయింది. నాకూ రోజూ ఒక కప్పు వచ్చేది గనక నేను నోరు మెదపలేదు.

విజిట్ రానే వచ్చింది. షుగర్ తగ్గలేదు సరికదా, పెరిగి కూర్చుంది. భవిత ఇన్సులిన్ రాసిచ్చింది.

మర్నాడు తోడుకని నన్ను పిలిచారు. ఆయన సోఫాలో కళ్ళు గట్టిగా మూసుకుని, నా చెయ్యి నలిపేస్తూ "గోవిందా, గోవిందా" అంటున్నారు. చూస్తే జాలేసింది, నవ్వూ వచ్చింది. నాగమణిగారు చొక్కా పైకెత్తి పొట్టలో పొడిచేశారు.

"కానీ, తొందరగా కానీ!"

"అయిపోయిందండీ."

ఆయన ఒక కన్ను తెరిచారు. "ఇంతేనా? అయితే నాగమణీ, రేపు పొంగల్లో నెయ్యి ఇంకాస్త..."

"రేపట్నుంచి స్వామికి కీరా ముక్కలు" అన్నారావిడ, సూదికి మూత పెడుతూ. "మీ ఎంగిలి పొగ భరించినవాడు కీరా భరించలేడా?"