ఇచ్చే కణం

నలభై మూడేళ్ళ వయసులో నాకు నచ్చిన రవికె ఒకటి కుట్టించుకుని తొడుక్కున్నందుకు మా చుట్టాలంతా ముక్కున వేలేసుకున్నారు. మా వాళ్ళ లెక్కలో ఆడదానికి రంగులు మూడే. పెళ్ళికూతురు కట్టేది ఒకటి, పిల్లల తల్లి కట్టేది ఒకటి, అల్లుడొచ్చిన ఆవిడ కట్టేది ఒకటి. మూడోదానికి పేరు కూడా లేదు. పొయ్యిలోని బూడిద మీద నీళ్ళు చల్లితే వచ్చే రంగు అనుకోండి.

నాకు ముప్ఫై ఏడో ఏట అల్లుడొచ్చాడు. పెళ్ళైన నెలకు మా వదిన, అంటే మా ఆయన అక్క, కల్లూరు నుంచి బస్సు దిగి వచ్చి, కాళ్ళు కడుక్కుని, నా పెట్టె తెరిచి కూర్చుంది. చీరలన్నీ రెండు కుప్పలు చేసింది. పెద్ద కుప్ప నా కూతురికి, చిన్న కుప్ప నాకు.

"అల్లుడొచ్చిండు. ఇంక ఎర్రయి, పచ్చయి ఎవరి కోసమే నీకు?" అన్నది.

పెద్ద కుప్పను నేనే మూట కట్టాను. ఆవిడ మాటకు ఎదురు చెప్పిన మనిషి ఆ ఇంట్లో అప్పటికి పుట్టలేదు. మా అత్తగారు పోయాక ఆవిడ పెత్తనం తాళపుచెవుల గుత్తిలా ఈవిడ చేతికి వచ్చింది. ఏ పండక్కి ఎవరు ఏం కట్టాలో, ఎవరి కొప్పు ఎంత ఎత్తు ఉండాలో అన్నీ కల్లూరులో తేలేవి.

మా ఆయన సంగతి కూడా చెప్పాలి. కచేరీలో గుమాస్తా. అల్లుడొచ్చిన ఏడాదే నీలం చారల టెర్లిన్ చొక్కా కుట్టించుకున్నాడు. మీసాలకు రంగు వెయ్యడం మొదలుపెట్టాడు. ఆ రంగు దిండు గలీబుకు అంటితే ఉతికింది నేను. అల్లుడు నాకొక్కదానికే వచ్చాడా, ఆయనకు రాలేదా? ఈ ప్రశ్న ఆరేళ్ళు నా నోట్లోనే నానింది.

కాలువ నీళ్ళు వచ్చాక చుట్టుపక్కల వడ్లు పెరిగాయి, మా రాయచూరులో మిల్లులు పెరిగాయి. మిల్లు పని మీద కోస్తా వైపు నుంచి వచ్చిన ఒక కుటుంబం మా ఎదురింట్లో అద్దెకు దిగింది. ఆ ఇంటావిడ నాకన్నా రెండేళ్ళు పెద్దదే, మనుమడు కూడా ఉన్నాడు. పొద్దున ఏడింటికల్లా తలలో పూలు పెట్టుకుని, గులాబీ రంగు నైలాన్ చీరలో వాకిట్లో ముగ్గు వేసేది. మా వీధి ఆడవాళ్ళు ఆమె ముందు 'ఎంత ముచ్చటగుంది' అనేవాళ్ళు, తలుపు వేసుకున్నాక 'సిగ్గు లేదు' అనేవాళ్ళు. ఈ రెండు మాటలూ నేనూ అన్నాను. నన్ను నేను మినహాయించుకోను.

ఒకరోజు ఆమె కూరగాయల తట్ట దగ్గర నన్ను చూసి, "అక్కయ్యగారూ, ఏవీ అనుకోకండి, మీరెప్పుడూ ఆ రంగులే కడతారేంటండీ? ఇంట్లో ఎవరైనా పోయారా?" అని నిజంగా జాలిపడి అడిగింది.

ఎవరూ పోలేదు, అల్లుడొచ్చాడు అని చెప్పాను. ఆమెకు అర్థం కాలేదు. చెప్తున్నప్పుడు నాకూ మొదటిసారి అర్థం కాలేదు.

ఆ వారమే ఎవరికీ చెప్పకుండా బజారుకు వెళ్ళి, ఆమెది ఎలా ఉందో అలాంటిదే గులాబీ రంగు నైలాన్ చీర తెచ్చుకున్నాను. ఎంత తెలివి! అసలే ఎండాకాలం. ఆ ఎండలో నైలాన్ కాళ్ళకు అంటుకుపోయి, అడుగు తీసి అడుగు వెయ్యనివ్వలేదు. పైగా ఎదురింట్లో కిరసనాయిలు స్టవ్వు, మా ఇంట్లో కట్టెల పొయ్యి. ఒక నిప్పురవ్వ ఎగిరి కొంగు మీద పడి, చిటికెలో గచ్చకాయంత చిల్లి పడింది. అద్దంలో చూసుకుంటే, ఆరేళ్ళు మా వదిన ఏరిన చీరల్లో ఉన్న మనిషే ఇప్పుడు ఎదురింటావిడ ఏరిన చీరలో ఉంది. అంతే తేడా. ఆ చీర చించి మసిగుడ్డకు వాడదామంటే దానికి కూడా పనికి రాలేదు, నైలాన్ నీళ్ళు పీల్చదు.

అప్పుడు కూర్చుని ఆలోచించాను, నాకేం ఇష్టం అని. నవ్వకండి. నలభై మూడేళ్ళు ఎవరూ అడగని ప్రశ్నకు జవాబు వెంటనే రాదు. నేను పొట్టి, భుజాలు వెడల్పు. బరువైన బట్ట ఒంటి మీద తిన్నగా దిగితే నాకు బాగుంటుంది. లేత రంగు వేస్తే నా చామనఛాయ మాసినట్టు కనిపిస్తుంది, ముదురు రంగు పక్కన అదే చాయ మెరుస్తుంది. ఇంత చిన్న సంగతి తెలుసుకోవడానికి నాకు నెల పట్టింది. పెట్టె అడుగున మా అమ్మ ఇల్కల్ చీర ఒకటి ఉంది. నల్లటి నూలు చీర, ఎర్రటి పట్టు కొంగు. నల్లది కదా అని వదిన దాన్ని నాకు వదిలేసింది, కొంగు విప్పి చూడలేదు. కట్టుకుని నిలబడితే ఒళ్ళు నాదిలా అనిపించింది. దాని మీదికి ఒక ఆకుపచ్చ రవికె కావాలి.

ఆకుపచ్చ గుడ్డ కొనక్కర్లేకుండానే ఒళ్ళోకి వచ్చింది. దాని కథ వేరు.

మా వైపు రవికెగుడ్డను కణం అంటాం. పెళ్ళికి, పుట్టింట్లో పోసే ఒడిబియ్యానికి, బిడ్డను ఉయ్యాల్లో వేసే తొట్లెకు, ఇంటికి వచ్చిన ముత్తైదువకు బొట్టు పెట్టి కణం ఒళ్ళో పెట్టడం మర్యాద. అయితే కణాల్లో రెండు జాతులు. కుట్టించుకునేది ఒకటి, ఇచ్చేది ఒకటి. ఇచ్చే కణాన్ని ఎవరూ కుట్టించరు. వచ్చినదాన్ని మడత విప్పకుండా పెట్టెలో పెట్టి, తర్వాత ఎవరికి బాకీ ఉందో వాళ్ళ ఒళ్ళో పెడతారు. వాళ్ళు ఇంకొకరి ఒళ్ళో. అలా ఊళ్ళు తిరుగుతూనే ఉంటుంది. ఎంత మంచి గుడ్డైనా సరే, ఒంటి మీదికి రాకుండా మడతల్లోనే ముసలిదవుతుంది. దీన్ని మర్యాద అంటారు. నేను పిచ్చి అంటాను, కానీ నేనూ చేశాను.

ఈ ఆకుపచ్చ కణం మీద చిన్న చిన్న తేరు బుటీలు ఉన్నాయి. ఒక మూల ఎవరిదో తడి వేలి కుంకుమ మరక. ఆ మరక వల్లే గుర్తుపట్టాను. పదేళ్ళలో మూడుసార్లు నా ఒళ్ళోకి వచ్చింది, మూడుసార్లూ నవ్వుకుంటూ ఇంకొకరికి అంటగట్టాను. గిల్లేసూగూరులో ఒక పెళ్ళిలో నాలుగోసారి వచ్చినప్పుడు దాన్ని తీసుకుని తిన్నగా దర్జీ దగ్గరికి వెళ్ళాను.

దర్జీ పెద్దమనిషి. కళ్ళజోడు సవరించుకుని, గుడ్డ విప్పి, మడతల దగ్గర తెల్లబడ్డ గీతలు చూశాడు.

"అమ్మా, ఇది తొడిగేది గాదు గదా. ఇచ్చేది," అన్నాడు.

"కుట్టు."

"మడత గీతలు పోవమ్మా. వీపు మీద సాఫ్ కనిపిస్తయి. చూసినోళ్ళందరు గుర్తుపడ్తరు."

"గుర్తుపట్టనీ. మోచేతి దాకా చేతులు పెట్టు."

ఆయన టేపు తీశాడు. మా కుటుంబం పరువు గురించి మా ఆయనకన్నా ఆ దర్జీకే ఎక్కువ దిగులు.

కల్లూరులో వదిన మనుమరాలి తొట్లె అని పిలుపు వచ్చింది. చుట్టాలంతా వస్తారు, నా అల్లుడూ వస్తాడు. తొడుక్కుంటే ఆ రోజే తొడుక్కోవాలనుకున్నాను. ఇంట్లో తలుపు వేసుకుని తొడుక్కోవడానికి అంత తంటా ఎందుకు? అక్కడ వదిన ముందు విప్పాల్సి వస్తే, ఇంక ఈ జన్మకు బూడిద రంగే అని నాకు తెలుసు. బయల్దేరేటప్పుడు మా ఆయన నన్ను కింది నుంచి పై దాకా చూశాడు.

"గిట్లనే వస్తవా? నల్గుర్ల నవ్వులపాలు చేస్తవా?"

ఆరేళ్ళు నానిన ప్రశ్న అప్పుడు బయటికి వచ్చింది. "అల్లుడు మీకు రాలేదా? ఆ సంగతి మీ మీసాలకు తెలియదా?" అన్నాను. ఆయన బస్సులో నాకు మూడు సీట్ల ముందు కూర్చున్నాడు.

దర్జీ చెప్పినట్టే అయింది. నేను పందిట్లో కూర్చోగానే నా వీపు వెనక గుసగుసలు మొదలయ్యాయి. "ఇది మనింటికి వచ్చిందే కాదా?" "నేను మా చిన్నమ్మకిచ్చిన." "ఇచ్చే కణం కుట్టిచ్చుకున్నదమ్మా!" ప్రతి ఒక్కరూ నా వీపు మీది గీతల్లో తాము ఇచ్చిన పెళ్ళి ఏదో వెతుక్కున్నారు. ఏ ఒక్కరికీ అది అందమైన రంగు అని తోచలేదు. నా అల్లుడు మాత్రం వచ్చి కాళ్ళకు దండం పెట్టి, భోజనం ఎక్కడ అని అడిగాడు. ఆరేళ్ళు ఏ మనిషి కళ్ళకు భయపడి బూడిద కట్టానో ఆ మనిషి నా రవికె వైపు చూడనే లేదు.

వదిన చూసింది. పసుపు చేతులతో వచ్చి నా మోచెయ్యి పట్టుకుని, జొన్న సంచులు పెట్టే గదిలోకి లాక్కెళ్ళి తలుపు దగ్గరికి వేసింది. విప్పమంటుంది, విప్పను అనాలి అని పళ్ళు బిగించుకున్నాను.

ఆవిడ నా చేతి గుడ్డను రెండు వేళ్ళతో నలిపి చూసింది. మూల మరక కోసం వెతికింది. చంక దగ్గర దొరికింది.

"ఇది నాదే," అన్నది. "నాకు నలభై ఏండ్లున్నప్పుడు పుట్టింటికొచ్చి, రాయచూర్ల నేనే ఏరుకొని తెచ్చుకున్న. కుట్టిచ్చుకుందామని. అమ్మ జూసి, కోడలొచ్చినంక సోకులేందే, ఎవరి ఒళ్ళెనన్న పెట్టు అన్నది. ఆ కుంకుమ వేలు నాదే. కోపంల చెయ్యి గూడ తుడుసుకోలే."

నాకు గుర్తొచ్చింది. గుడ్డ గుర్తులేదు కానీ ఆ పగలు గుర్తుంది. అత్తగారు వసారాలో అరుస్తుంటే వదిన తల వంచుకుని నిలబడటం, నేను వంటింటి తలుపు చాటున ఉండటం.

"నువ్వు గూడ నవ్వినవ్," అన్నది వదిన.

నవ్వాను. కొంగు నోట్లో కుక్కుకుని మరీ నవ్వాను. ఇంతసేపూ పందిట్లో వాళ్ళను ఎన్ని అనుకున్నానో, అవన్నీ నాకే తగిలాయి. చాలా సిగ్గేసింది.

వదిన నా చేతిని వెనక్కి తిప్పింది. "లోపల గుడ్డ ఎంత విడిసిండు దర్జీ?" అని అడిగింది.

కుట్టు తిప్పి చూపించాను. వదులు చెయ్యడానికి అర వేలు గుడ్డ కూడా లేదు.

"నాకు సాలదు," అని తలుపు తీసుకుని బయటికి వెళ్ళిపోయింది. పందిట్లో ఎవరో ఏదో అనబోతే, "తిననీకొచ్చిన్రా, రైకలు జూడనీకొచ్చిన్రా?" అని కసిరింది. నేను ఆ రవికెతోనే భోంచేసి, ఆ రవికెతోనే ఇంటికి వచ్చాను.

తర్వాతి నెలలో అలాంటిదే ఆకుపచ్చ కణం బజారంతా వెతికి తెచ్చి వదినకు ఇచ్చాను. "మంచిగున్నది" అని పెట్టెలో పెట్టుకుంది. ఏడాది తిరక్కుండా అది ఒక ఒడిబియ్యంలో ఎవరి చేతి మీదుగానో నా ఒళ్ళోకే వచ్చింది, నేను మడిచిన మూడు కోణాల మడతతో సహా.

ఈసారి నాకు నవ్వు రాలేదు. ఒళ్ళు మండింది. కల్లూరు వెళ్ళి, దండెం మీద ఆరేసిన వదిన పాత రవికెను అడగకుండా సంచిలో వేసుకుని వచ్చి, ఆ కొలతకు కుట్టించాను. కుట్టిన రవికెను ఇంకొకరి ఒళ్ళో పెట్టే ఆచారం మా వైపు ఇంకా పుట్టలేదు.

తీసుకెళ్ళి ఆవిడ చేతిలో పెట్టి, "ఇగో, ఇప్పుడిది ఎవరొళ్ళె పెడ్తవో పెట్టు, నేనూ జూస్త," అన్నాను.

వదిన తిట్టలేదు. రంగు చూడలేదు, బుటీలు చూడలేదు. రవికెను తిరగేసి, ముందు లోపలి కుట్టు చూసుకుంది. దర్జీతో పోట్లాడి లోపల నాలుగు వేళ్ళ గుడ్డ వదిలేలా చూశాను.