ఎర్రంచు చీరతో సముద్రస్నానం

మా ఆయన కంటే ముందు ఆయన అనుమానం పుట్టింది. పాలలో నీళ్లు కలిపిందని పాలామెను, గడియారం ముందుకు తిప్పాడని స్టేషను మాస్టరును అనుమానించే మనిషి. అలాంటివాడు ఒక పొద్దున మగ్గం గుంటలోంచి లేచి "సముద్రం చూసొద్దాం పదండి" అన్నాడు. నాకు సంతోషం కలగలేదు. భయమేసింది.

అప్పటికి రెండో ప్రపంచ యుద్ధం ఇంకా మొదలవలేదు. ధర్మవరంలో మా ఇంట్లో ముగ్గురమే ఉండేవాళ్లం: ఆయన, మా అత్త, నేను. ఆయన పట్టుచీరలు నేసేవాడు. పట్టు ఉడకబెట్టి రంగు వేసేది అత్త. ఆమె వేసిన ఎరుపంటే మా వీధిలో ఒక పేరుండేది. నీళ్లు తెచ్చేదాన్ని నేను. సముద్రం మాట ఎందుకొచ్చిందంటే, మా చీరలు కొనే మద్రాసు షావుకారు ఉత్తరం రాశాడు. పండగనాడు సముద్రస్నానానికి పోయిన ఆడవాళ్ల చీరల్లో మా ఎరుపు కారి, చీరంతా మరకలు చేసిందట.

"అబద్ధం. మా అమ్మ ఏసిన ఎరుపు కారేదేంది? ఎవురి సరుకో తెచ్చి మన నెత్తిన రుద్దుతాండాడు. ఆ సముద్రంలోనే ముంచి చూస్తాం పా" అన్నాడు మా ఆయన.

అదే విడత ఎరుపుతో నేసిన చీర ఒకటి ఇంట్లో ఉంది. పాలవన్నె చీర, ఎర్రంచు. నాకోసం నేసింది. దాన్ని కట్టుకుని నేను సముద్రంలో దిగాలి. కారకపోతే షావుకారు అబద్ధాలకోరు. కారితే ఇకమీదట రంగు పని బయట అద్దకం వాళ్లకు ఇచ్చేస్తానని ఆయన తల్లి ముందరే అన్నాడు.

"పోదాం పదప్పా, నాకేం భయం" అంది అత్త.

భయం నాకు. ఎందుకో ఇప్పుడైనా చెప్పాలి.

నా పుట్టిల్లు హిందూపురం దగ్గర పరిగి. అక్కడ మావి నూలు మగ్గాలు. నూలుకు ఏ నీళ్లయినా నీళ్లే. ధర్మవరం వచ్చాక, పట్టు ఉడకబెట్టడానికి ఊరి బయట తోట బావి నీళ్లే కావాలన్నారు. మా వీధి బావి నీళ్లు ఉప్పన. వాటిలో ఉడికితే పట్టుకు పుట్టుకతో ఉండే జిగురు పోదు, జిగురు పోని పట్టు రంగును పైపైనే పట్టుకుంటుంది. ఈ మాట అత్త నాకు వందసార్లు చెప్పింది. ముసలామె చాదస్తం అనుకున్నాను. ఆ విడత పట్టుకు ఒక ఎండాకాలం పొద్దున ఆరు బిందెలు తేవాల్సి ఉంటే, రెండు తోట బావినుంచి తెచ్చి, నాలుగు వీధి బావిలో చేదుకొచ్చాను. కాల్లో ముల్లు లేదు, ఒంట్లో జ్వరం లేదు. ఒట్టి సోమరితనం. ఎప్పుడూ నీళ్లు నోట్లో పోసుకుని రుచి చూసే అత్తకు ఆ రోజు జలుబు. "ఏ బావివమ్మే?" అంది. "తోట బావివే అత్తా" అన్నాను.

మద్రాసుకు పాకాల మీదుగా పోయి, కాట్పాడిలో బండి మారాం. దారి పొడుగునా ఆయన చీర మూట ఒళ్లోంచి దించలేదు. ఎదురుగా కూర్చున్నతను ఆవలిస్తే కూడా, మూటమీద కన్నేశాడన్నాడు. నేను మాత్రం అత్త ముఖమే చూస్తూ కూర్చున్నాను. ఆమె కిటికీలోంచి బయటికి చూస్తే, నా ముఖం చూడలేక తిప్పుకుందేమో అనిపించేది. నాకేసి చూస్తే, ఇప్పుడు అడుగుతుందేమో అనిపించేది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకునే బతుకైంది నాది.

సముద్రం కనబడగానే నాకు ఏడుపొచ్చింది. బిందెడు నీళ్లకోసం తగువులాడుకునే చోటునుంచి వచ్చినవాళ్లం. అన్ని నీళ్లు ఒక్కచోట, ఎవరూ చేదనక్కర్లేకుండా వాటంతటవే మన కాళ్లదగ్గరికి రావడం చూస్తే ఏమనిపిస్తుంది? మా ఆయనకు మాత్రం అదీ అనుమానమే. "రమ్మని పిలిచి ఎనక్కి లాగుతాండాది, చూస్తాండావా?" అన్నాడు.

ఎర్రంచు చీర కట్టుకున్నాను గానీ, నీళ్లలో దిగడం ఎంత ఆలస్యమైతే అంత మేలని, అక్కడ చేయగలిగినవన్నీ చేయించాను. తడి ఇసుకలో చాలా దూరం నడిపించాను. గవ్వలు ఏరి కొంగు నింపుకున్నాను. పీతల వెంటపడి, అవి బొక్కల్లో దూరితే పుల్లలు పెట్టి కెలికాను. జాలర్లు ఒడ్డున నిలబడి వల లాగుతుంటే, "మీరూ ఒక చెయ్యి వెయ్యండి" అని ఆయన్ను తోశాను. వాళ్ల అరవం తనమీద నవ్వడానికేనని సణుగుతూనే తాడు పట్టుకున్నాడు. పోగు తెగకుండా లాగడం తెలిసిన చేతులు కదా, కాసేపటికి వాళ్ల పాటకు తగ్గట్టు అడుగు వేస్తూ లాగాడు. వల ఒడ్డుకు చేరి చేపలు ఎగురుతుంటే పిల్లవాడిలా నవ్వాడు. అంతగా నవ్వడం నేనెప్పుడూ చూడలేదు. ఇలాగే సాయంత్రమైపోతే బాగుండునని మొక్కుకున్నాను.

అక్కడ కొందరు ఆడవాళ్లు చేతులతో ఇసుక తవ్వి చెలమ చేసి నీళ్లు తోడుకుంటున్నారు. అత్త వాళ్ల పక్కన చతికిలబడి తానూ తవ్వింది. మూరెడు లోతున నీళ్లూరాయి. దోసిట్లో తీసుకుని, అలవాటుగా నోట్లో పోసుకుని పుక్కిలించింది.

"తియ్యగుండాయే! పక్కనే అంత ఉప్పు పెట్టుకోని, ఇవి తియ్యగుండాయి. నీళ్ల సంగతి నోట్లో పోసుకుంటే గానీ తెలీదు" అంది.

అని నా వైపు చూసింది. మామూలుగానే చూసిందేమో. నాకు మాత్రం కాళ్లకింద ఇసుక జారిపోయింది.

ఎండ వాలుతుండగా ఆయనకు వచ్చిన పని గుర్తొచ్చింది. "ఇంగ దిగు" అన్నాడు.

మోకాళ్లదాకా దిగాను. ఏమీ కాలేదు. నడుందాకా దిగాను. ఒక పెద్ద అల వచ్చి నన్ను ముంచి, ఒడ్డుకు నెట్టింది. లేచి నిలబడి చూసుకుంటే పాలవన్నె కుచ్చిళ్లమీద ఎర్రటి చారలు. కాళ్లమీదుగా ఎరుపు కారుతోంది. కొంగులోని గవ్వలు కూడా ఎర్రబడ్డాయి.

లోకమంతటినీ అనుమానించే మనిషి, ఒక్క తల్లిని మాత్రం ఏనాడూ అనుమానించలేదు. ఆ సాయంత్రం ఆమెకేసి చూసిన చూపు నేను మర్చిపోలేను. నన్ను మాత్రం చూడనేలేదు. నీళ్లు తెచ్చిన మనిషిని ఎవరు లెక్కలోకి తీసుకుంటారు?

అత్త నా దగ్గరికి వచ్చి, తడిసిన అంచు వేళ్ల మధ్య పెట్టి చాలాసేపు నలిపింది. జిగురు పోయిన పట్టేదో, పోనిదేదో ఆ వేళ్లకు తెలియకుండా ఉంటుందా? చెప్పేద్దామని నోరు తెరిచాను. అంతలో ఆమే కొడుకువైపు తిరిగింది.

"నాకు కండ్లు మసకేసినాయి నాయనా. రంగు అదును తప్పినా" అంది కొడుకుతో. "ఇంగొక్క విడత నా చేత ఏపియ్యి. అదీ కారితే ఇచ్చెయ్యి బయట."

తిరుగు ప్రయాణంలో ఆమె నాతో మామూలుగానే మాట్లాడింది. బొరుగులు పెట్టింది, తల దువ్వింది. తిట్టి ఉంటే కాళ్లమీద పడేదాన్ని. ఆమె తిట్టలేదు, నేను పడలేదు.

ఆ కొత్త విడత పట్టు ఉడకబెట్టే రోజు నేను లేచి బిందె కోసం చూస్తే బిందె లేదు. వీధిలోకి వచ్చేసరికి అత్త తోట బావినుంచి నీళ్లతో వస్తోంది. అరవై దాటిన మనిషి, రొప్పుతూ, ఒక చేత్తో గోడ పట్టుకుని. అది రెండో బిందె. నేను అందుకోబోతే పక్కకు తప్పుకుని వెళ్లిపోయింది. మిగతా నాలుగూ తానే తెచ్చింది.

ఆ ఎరుపు కారలేదు. మా ఆయన ఉప్పు కలిపిన నీళ్లలో మూడుసార్లు ముంచి చూసి, "మా అమ్మ కండ్లు బాగానే ఉండాయి" అని వీధంతా చెప్పుకున్నాడు. ఆమెకు తెలిసిందా, నా అనుమానమేనా అని ఆరేళ్లు నలిగాను. ఆ ఆరేళ్లూ, ఇక లేవలేని స్థితి వచ్చేదాకా, రంగు నీళ్లు ఆమే మోసింది. నేను తెస్తానన్న ప్రతిసారీ ఒకటే మాట, ఎంతో ప్రేమగా అనేది:

"నీకెందుకులేమ్మా, ఆ బావి దూరం."