వేపాకు చేదు తెలియని పొద్దు

నా చిన్నప్పుడు మా తాతకు తెలియని ఆకు భూమ్మీద మొలవలేదు. రేగొండ అవతల మా ఊరి అడవి ఆయనను చూస్తే లేచి నిలబడేది. పులి కూడా పక్కకు తప్పుకొని దారిచ్చేది. సరే, పులిని నేనే కలిపాను. అడవి లేచి నిలబడిందీ లేదు. ఆకుల సంగతి మాత్రం నిజం. కనీసం ఆ వయసులో నేనట్లా నమ్మేవాణ్ణి.

ఏ మన్ను వాపుకు పట్టెయ్యాలి, ఏ చౌడు బట్టలుతకడానికి పనికొస్తుంది, ఎద్దుకు కడుపుబ్బితే ఏ ఆకు దంచి పొయ్యాలి, చీమలు గుడ్లు మోసుకొని గోడెక్కితే వాన ఎంత దూరంలో ఉన్నట్టు, అన్నీ ఆయన నాలుక మీదే ఉండేవి. ఎవరేమడిగినా తడుముకునేవాడు కాదు. మొన్న మా మనవరాలు ఫోనులో చూసి చదివి వినిపించింది. మెక్సికో దేశంలో నహువా అనే జనం ఉన్నారట, వాళ్ల పెద్దలకు కూడా చెట్టు గుణం, జంతువు గుణం, రాయి గుణం ఇట్లాగే తెలుసునట. మా తాతను తీసుకుపోయి వాళ్ల నడుమ కూర్చోబెడితే, భాష రాకపోయినా సరే, పొద్దుగూకేలోపల ఏదో ఒక ఆకు మీద పంచాయితీ పెట్టుకొని, ఆ తర్వాత చుట్ట పంచుకునేవాడు.

అది ఇప్పపువ్వు రాలే కాలం. పొద్దున చెట్టు కింద పువ్వు మెత్తగా పరుచుకొని ఉంటుంది. ఎండెక్కకముందే ఏరాలి, లేకపోతే పశువులు తినిపోతాయి. నేనూ పక్కింటి అక్కా గంపలు పట్టుకొని పోయాం. అక్క గంపలోకి ఏరింది, నేను నోట్లోకి ఏరాను. పొదల పక్కన ఎండుటాకుల మీద కాలు పెట్టగానే మడమ పైన చురుక్కుమంది. ఆకులు గలగలమని కదిలాయి.

ఇన్నేళ్లుగా ఈ కథ చెప్పినప్పుడల్లా అక్కడొక నాగుపామును నిలబెడుతూ వచ్చాను. చేతిమందం ఉండేది. పడగ విప్పేది. ఒక పెళ్లిలో చెప్పినప్పుడైతే నన్ను పేరు పెట్టి పిలిచినంత పనిచేసింది. పామును నేను చూడలేదు. ఆకులు కదలడం చూశాను, కాలి మీద రెండు ఎర్రటి చుక్కలు చూశాను. అంతే.

అక్క గంప అక్కడే పారేసి, నన్ను వీపున వేసుకొని ఊరిదాకా ఉరికింది. వాకిలి నిండా జనం చేరారు. మా దిక్కు పాము కరిచిందన్న అనుమానం వస్తే ముందు వేపాకు నమిలించేవాళ్లు. చేదు తెలిస్తే భయం లేదు, తెలియకపోతే విషం ఎక్కినట్టు. ఎవరో లేత వేపచిగురు తెచ్చి నా నోట్లో కుక్కారు. నమిలాను. చేదు తెలియలేదు. ఇంకాస్త నమిలాను. ఎట్లున్నదిరా అని మా అమ్మ అడిగితే, తియ్యగున్నదన్నాను.

మా అమ్మ నన్ను ఒళ్లోకి లాక్కొని ఏడ్చింది. ఒకాయన నాగుపామన్నాడు, ఒకాయన రక్తపింజర అన్నాడు, ఒకామె కట్లపామని ఒట్టేసింది. నేను చూడని పాము రంగు వాళ్లందరికీ తెలిసింది. నేను చచ్చిపోతాను, నా గోలీలన్నీ తమ్మునికి పోతాయి అని గుక్కపట్టి ఏడ్చాను.

అంతలో మా తాత పొలం నుంచి వచ్చాడు. జనం దారిచ్చారు. ఆయన నా కాలు చూశాడు. నా నోటి దగ్గర ముక్కు పెట్టి వాసన చూశాడు.

"ఇప్పపువ్వు ఎంత తిన్నవ్‌రా?"

కడుపు చూపించాను. వాకిట్లో అందరికీ ప్రాణం లేచొచ్చింది. పువ్వు తీపే అది, పోరనికేం కాలేదు అని ఎవరో నవ్వారు. మా అమ్మ కొంగుతో కండ్లు తుడుచుకొని తాత ముఖంలోకి చూసింది. ఆయన అవునంటే చాలు, అందరూ ఇండ్లకు పోయేవాళ్లు.

"గిది పువ్వు తీపో, విషం తీపో నాకు తెల్వదు. బండి గట్టుండ్రి."

ఆయన ఈడు ముసలాయన ఒకడు బిత్తరపోయి, "నీకే తెల్వకపోతే ఇంకెవలికి తెలుస్తదే మామా" అన్నాడు. తాత అప్పటికే నన్ను ఎత్తుకున్నాడు.

ఎద్దుల బండిలో నన్ను కదలనియ్యలేదు. కాలు తన ఒళ్లో పెట్టుకున్నాడు. ఆకు నూరలేదు, కట్టు కట్టలేదు, మంత్రం చదవలేదు. ఆయన ఊరకుండటమే నాకు పాముకన్నా ఎక్కువ భయమైంది. తాతా, నేను సచ్చిపోతనా అని అడిగాను.

"తెల్వదు కొడుకా. దవాఖాన దాక నీ కాలు నేను వట్టుకుంట. గది తెల్సు."

దవాఖానలో డాక్టరు ఏం కరిచిందని అడిగితే తాత మళ్లీ తెల్వదనే చెప్పాడు. వాళ్లు నన్ను మంచం మీద పడుకోబెట్టి పొద్దుగూకేదాకా కనిపెట్టుకొని చూశారు. వాపు రాలేదు, కండ్లు మూతపడలేదు. చివరికి డాక్టరు ఒక చుక్కలోంచి ముల్లు కొస బయటికి తీశాడు. రేగుకంప. దాని ముళ్లు జంటగా ఉంటాయి, ఒకటి గుచ్చుకుంటే రెండోది కూడా దిగుతుంది. ఆకులు కదిపింది తొండో, ఉడతో, మరేదో.

ముల్లుకు బండి గట్టిన వైద్యుడని ఊరంతా చాలా రోజులు ఎగతాళి చేసింది. తాత కూడా వాళ్లతో కలిసి నవ్వాడు. కానీ ఆ మర్నాడు ఆయన అరుగు మీద కూర్చొని గుప్పెడు ఇప్పపువ్వు తిని, దాని మీద వేపచిగురు నమలడం నేను చూశాను. ముఖం ముడుచుకున్నాడు. ఉమ్మేసి, మళ్లీ పువ్వు తిని, మళ్లీ చిగురు నమిలాడు. చేదు తెలుస్తున్నదిరా, మరి నీకెందుకు తెల్వలేదని నన్నే అడిగాడు. నేనేం చెప్పేది? భయం నాలుకను ఏం చేస్తుందో నాకెట్లా తెలుస్తుంది? ఆ సంగతి తేల్చుకోకుండానే ఆయన పోయాడు.

ఇప్పుడు మా వాడలో అందరికన్నా ముసలివాణ్ణి నేనే. ఏదడిగినా ఓ కథ కట్టి చెప్తాను, అది నా జబ్బు. ఆకుల పేర్లూ కొన్ని వచ్చు, రానివాటికి నేనే పెడతాను. కానీ ఏ తల్లయినా పసిదాన్ని చంకనేసుకొని వచ్చి, ఒళ్లు కాలుతున్నది పెద్దయ్యా, ఏం జెయ్యాలె అని అడిగితే ఒక్క కథా కట్టను. తెల్వదు బిడ్డా, దవాఖానకు పోదాం పా అంటాను. అంటూనే అరుగు కింద నా చెప్పులు వెతుక్కుంటాను.