డాక్టర్ల మీటింగులో నా సాక్ష్యం

మొన్న డాక్టర్ల మీటింగుకి వెళ్లి నేను నేలమీద కూర్చుని ధర్నా చేశానని భవానీపురమంతా చెప్పుకుంటున్నారు. ఎమర్జెన్సీ ఎత్తేశారు కాబట్టి సరిపోయింది, లేకపోతే ఈపాటికి లోపలుండేదాన్నట. కాస్త టీ పొయ్యండి, అసలు సంగతి చెబుతాను.

మోకాళ్ల నొప్పులకి కొత్త మాత్రలొచ్చాయి, కొంతమందికి ఇచ్చి చూస్తున్నాం అన్నారు ఆసుపత్రిలో చిన్న డాక్టరుగారు. నేనూ, పక్కింటి జైనబీ వదినా చేరాం. అబద్ధమెందుకు, నడక బాగానే సాగింది. కానీ మాత్ర పడితే చాలు, పొట్టలో నిప్పులు పోసినట్టుండేది. జైనబీ వదినైతే అన్నం చూస్తేనే భయపడేది.

వెళ్లినప్పుడల్లా డాక్టరుగారి ప్రశ్నలు మోకాలి దగ్గరే ఆగిపోయేవి.

"నొప్పి తగ్గిందా అమ్మా?"

"తగ్గింది గానీ బాబూ, పొట్ట..."

"పొట్ట సంగతి తర్వాత చూద్దాం. మెట్లెక్కగలుగుతున్నారా?"

ఆ తర్వాత అనేది రానేలేదు. పైగా వచ్చే వారం నుంచి మాత్ర రెండింతలు చేస్తామన్నారు. జైనబీ వదిన నా చెయ్యి పట్టుకుంది. "డాక్టర్ల ముందు నాకు నోరు పెగలదు వదినా. నువ్వు చెప్పు."

అంతలో చిన్న డాక్టరుగారే, పెద్ద డాక్టర్ల మీటింగుంది, మీరొచ్చి మీ అనుభవం రెండు ముక్కలు చెప్పాలి అన్నారు. రెండు ముక్కలట, నన్ను. ఆదివారం చర్చిలో దేవుడు చేసిన మేలు చెప్పుకుందామని నేను సాక్ష్యానికి లేస్తే పాస్టరుగారు చేతి గడియారం విప్పి బల్లమీద పెట్టుకుంటారు.

హాలు నిండా తెల్లకోట్లు. "నొప్పి తగ్గిందని చెప్పి వచ్చెయ్యండమ్మా" అని చిన్న డాక్టరుగారు చెవిలో చెప్పారు. నేను ముందు ప్రభువుకి స్తోత్రం చెప్పాను. ఆ తర్వాత గొంతు దానంతటదే లేచింది. "చర్చి మెట్లు గబగబా ఎక్కుతున్నానండీ. నమ్మకపోతే చూడండి" అని ఆ ఊపులో నేలమీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాను. చప్పట్లు కొట్టారు. లేవబోయాను. మోకాళ్లు రామన్నాయి. ఏడాదిగా బెంచీ మీద తప్ప కూర్చోని మనిషిని, అంతమందిలో నేలమీద ఎందుకు కూర్చున్నానో ఆ దేవుడికే తెలియాలి.

పెద్ద డాక్టరుగారు కళ్లజోడు పైనుంచి చూసి, "థాంక్సమ్మా. ఇక లేవండి" అన్నారు.

లేవలేనంటే నా సాక్ష్యం పరువేం కావాలి?

"లేవనండి" అన్నాను.

"ఎందుకని?"

"నా పొట్టలో మంట కూడా రాసుకుంటే లేస్తాను."

ఏదో తప్పించుకోడానికి అన్న మాట. అనగానే లోపలున్న కోపమంతా దానివెంటే వచ్చేసింది. "మీ మాత్ర మోకాల్లోకి నేరుగా దూకదు కదండీ, పొట్టమీదుగానే వెళ్లాలి. ఆ దారిలో ఏమవుతోందో ఒక్కరూ అడగరే? మా జైనబీ వదినకి గంజి కూడా దిగట్లేదు. ఆవిడకి రెండింతలిస్తారా? ఆవిడ నోరు విప్పలేదు కాబట్టి మంట లేనట్టేనా? మేం మీకు మోకాళ్లు అప్పిచ్చాం గానీ నోరివ్వలేదండీ."

పెద్దాయన చిన్నాయన వైపు తిరిగారు. "ఇది నువ్వు చెప్పలేదేమయ్యా?"

"నేను వాళ్లనడగలేదు సార్."

"అందరినీ పిలిచి అడుగు. అప్పటిదాకా మాత్రలు ఆపెయ్." నా వైపు చూసి, "రాసుకున్నామమ్మా. ఇక లేవండి" అన్నారు.

గెలిచాను. కానీ లేవాలి కదా. మొండికెయ్యడానికి ఇంకేం మిగల్లేదు.

"మాలో ఏ మాటైనా ప్రార్థనతో ముగిస్తామండీ. అందరూ కళ్లు మూసుకోండి" అన్నాను. అంత పెద్ద డాక్టర్లూ, అన్ని మతాలవాళ్లూ, బుద్ధిగా తలలొంచారు. నేను పక్కనున్న బల్ల కాలు పట్టుకున్నాను. డాక్టర్ల కోసం ప్రార్థించాను, కదల్లేదు. నర్సుల కోసం, ఆయాల కోసం, వాళ్ల పిల్లాపాపల కోసం ప్రార్థించాను. ఒక మోకాలు లేచింది. కృష్ణా కాలవల కోసం, వరిచేల కోసం, గన్నవరంలో దిగే విమానాల కోసం. మళ్లీ కూలబడ్డాను. ఆమెన్ అంటే కళ్లు తెరుస్తారు.

ఇంతలో నా చంక కింద ఎవరిదో భుజం ఆనింది. చిన్న డాక్టరుగారు. నన్ను మెల్లగా పైకి లేపుతూ చెవిలో అడిగారు: "అమ్మగారూ, నేలమీద కూర్చుంటే లేవలేరన్నది కూడా రాసుకోనా?"

"రాసుకో నాయనా" అని, అప్పుడు ఆమెన్ అన్నాను.