రూతమ్మ పిన్ని చెప్పిన సాక్ష్యం

మొన్న ఒక జీడిపప్పు కర్మాగారంలో ఖర్చుల లెక్క చూడడానికి వెళ్ళి, లోపల అడుగు పెట్టగానే ఏడుసార్లు తుమ్మాను. పప్పు మీది పొట్టు గాలికి లేస్తే నా ముక్కు ఊరుకోదు. పలాసలో పనిచేసినన్నాళ్ళూ ఇదే తంతు. "ఆ తుమ్ములేవో బయట తుమ్మి రా అమ్మీ, పప్పెగిరిపోతాది" అనేది రూతమ్మ పిన్ని. ఆ మాట గుర్తొచ్చి యజమాని ముందు నవ్వు ఆపుకోలేకపోయాను.

రూతమ్మ పిన్ని నాకు చుట్టం కాదు. నేను గుమస్తాగా చేరిన చోట పప్పు ఏరే గదికి పెద్ద. విరగని గుండు పప్పు ఒక పక్క, బద్ద ఒక పక్క, ముక్క ఒక పక్క. గదినిండా ఆడవాళ్ళు ఆమె కనుసన్నల్లో పని చేసేవారు. ఆమెది అక్కుపల్లి, చదువు బైబిలు చదువుకునేంత. నేను మందస నుంచి బస్సులో వచ్చి, పొద్దంతా బిల్లులు రాసి, భోజనాల వేళ ఆ గదిలో ఫ్యాను కింద కాస్ట్ అకౌంటెంట్ పరీక్షకు చదివేదాన్ని. అప్పటికి రెండుసార్లు తప్పాను. జ్వరమొచ్చి పరీక్షకే వెళ్ళలేదని ఆఫీసులో అందరితో అబద్ధమాడాను. నిజం తెలిసింది పిన్ని ఒక్కతెకే. మూడోసారీ తప్పితే పుస్తకాలు అటకెక్కిస్తానని మా అమ్మకు మాటిచ్చేశాను. ఇచ్చానే గాని, తలుచుకుంటే అన్నం సహించేది కాదు.

ఒకరోజు వాచీ ఎదురుగా పెట్టుకుని పాత ప్రశ్నపత్రం రాస్తున్నాను. పిన్ని అన్నం తింటూ నన్నే చూస్తోంది.

"ఆ ఒక్క లెక్కకాడే కూకున్నావేటే? మిగతావేటి పాపం సేసినాయి?"

"సగంలో ఒగ్గేస్తే మనసొప్పదు పిన్నీ."

ఆమె చెయ్యి కడుక్కుని, నన్ను బల్ల దగ్గర కూర్చోబెట్టి ముందు ఒక కుప్ప పోసింది. ఏరమంది. నాలుగో పప్పు దగ్గరే ఆగిపోయాను. అంచు చిట్లిందో, పొట్టు గీతో తేలలేదు. వెలుగుకు పెట్టి అటూ ఇటూ తిప్పుతుంటే, పక్కనున్నవాళ్ళు తమ కుప్పలు ముగించి నా వంక చూసి నవ్వుకుంటున్నారు. పిన్ని దాన్ని లాక్కుని ఖాళీ పళ్ళెంలో వేసింది.

"అనుమానం పప్పుని సేతిలో ఎట్టుకోకు. పక్కనెట్టు. కుప్పంతా అయినాక దాని మొకం నీకే తెలుస్తాది."

ఆ తర్వాత నెల రోజులు భోజనం కాగానే ముందు పప్పు ఏరాలి, తర్వాతే పుస్తకం. "ఆఫీసులో జీతం, గదిలో కూలీయా?" అని మా మేనేజరు ఎగతాళి చేసేవాడు. నాకూ మొదట్లో ఒళ్ళు మండేది. పదిహేను రోజులకు చెయ్యి దానంతటదే కదలడం మొదలుపెట్టింది.

విశాఖలో పరీక్ష రోజున మొదటి లెక్కే మొండికేసింది. పాత అలవాటు చేతిని పట్టి లాగింది. పేజీ ఖాళీగా వదిలి ముందుకు వెళ్ళాను. చివరి పావుగంటలో తిరిగొచ్చి సగం చేయగలిగాను. ఆ సగమే నన్ను అత్తెసరు మార్కులతో గట్టెక్కించింది.

ఫలితం చెబితే పిన్ని సంబరపడుతుందనుకున్నాను. "ఆదివారం మా గుడికి రా" అంది, అంతే.

వెళ్ళి చర్చిలో చివరి బెంచీ మీద కూర్చున్నాను. దేవుడు చేసిన మేలుకు సాక్ష్యాలు చెప్పే వేళ ఒకావిడ కాలునొప్పి తగ్గిందని చెప్పింది, ఒకాయన బోరులో నీళ్ళు పడ్డాయన్నాడు. పిన్ని లేచి ముసుగు సర్దుకుని నన్ను చూపించింది.

"ఈ పిల్ల మా గదిలోది. ఉద్యోగం సేసుకుంటానే సదివింది. ఒకపాలి తప్పింది."

"స్తోత్రం" అన్నారు జనమంతా.

 ఆ గుంపులో నా జ్వరం కథ విన్న మా ఆఫీసు వాళ్ళు ఇద్దరున్నారు.

"రెండోపాలీ తప్పింది."

"స్తోత్రం" అన్నారు, ఈసారి ఇంకా గట్టిగా.

పాసయ్యానన్న మాట చివర్లో చెప్పింది. దానికీ అంతే స్తోత్రం, ఒక్క పిసరు ఎక్కువ లేదు. బయటికొచ్చాక అందరూ వచ్చి నా చేతులు పట్టుకున్నారు. జ్వరం గురించి ఒక్కరూ అడగలేదు.

పిన్ని ఇప్పుడు లేదు. నా దగ్గర పని నేర్చుకుంటూ అదే పరీక్షకు చదువుతున్న అమ్మాయిలు ఇద్దరున్నారు. చేరిన రోజునే వాళ్ళకు నా గురించి చెప్పాను, ముందు ఆ రెండుసార్ల సంగతే చెప్పాను.