ఈరమ్మ నడవని మూడు మైళ్లు

వేదవతి మేడం మా కళ్లముందే మాయమైంది. ఇన్నేళ్ల తర్వాత అడిగినా ఆ క్షణాన్ని ఇంతకంటే వేరుగా చెప్పలేను. నడుమెత్తు గడ్డిలో ఆమె నీలం చీర కనిపిస్తూ ఉంది. వెనక్కి తిరిగి "పిల్లలూ" అని ఏదో చెప్పబోయింది. ఆ మీదట గడ్డి ఉంది, ఆమె లేదు. అరుపు కూడా వినపడలేదు. కాసేపటికి కింద ఎక్కడో రాళ్లు దొర్లిన చప్పుడు.

1968 సెప్టెంబరు మూడో ఆదివారం అది. మేం పదకొండు మందిమి. వెనకున్న వాళ్లు "ఏమైంది, ఎందుకాగారు?" అని కేకలేస్తున్నారు. నా ముందు నడుస్తున్న కుర్రాడు రెండు చేతులూ చాపుకుని వెనక్కి వెనక్కి వచ్చి నా మీద పడ్డాడు. అతను నిలబడ్డ చోట, గడ్డి దుబ్బుల మధ్య, సున్నం కొట్టిన రాయి. దాని మీద జాజుతో, అంటే ఎర్రమట్టితో, దిద్దిన బాణం గుర్తు. బాణం చూపిస్తున్న వైపు బాట లేదు. గుట్టను నిలువునా కోసేశారు. ఇరవై అడుగుల కింద కంకర కుప్ప, పక్కన ఎర్రటి వాన నీళ్లు, కుప్ప మీద మేడం.

గుట్ట కింది గుడిసెలోంచి ఒకాయన పరుగెత్తుకొచ్చాడు. అతను ఆ క్వారీ మేస్త్రి ఎంకన్న అని తర్వాత తెలిసింది. పైన వరసగా నిలబడ్డ మమ్మల్ని చూసి గొంతెత్తి అడిగాడు.

"మీరు గా పైకెట్ల వొచ్చిన్రు? గాడ బాట ఉన్నదా?"

రెండేళ్లుగా ప్రతినెలా మేం నడుస్తున్న బాట అది. అతని నులక మంచం మీద మేడాన్ని రోడ్డు దాకా మోసి, ఒక లారీని ఆపి సికింద్రాబాద్ ఆసుపత్రికి చేర్చాం. తొడ ఎముక రెండు చోట్ల విరిగింది. ప్రాణం మిగిలింది.

ఆ రాయికి సున్నం కొట్టింది, బాణం దిద్దింది ఈరమ్మ.

ఈరమ్మ మా యూనివర్సిటీ తోట సెక్షన్‌లో రోజుకూలీ. నలభై దాటిన మనిషి. నల్లగా, సన్నగా, ఎప్పుడూ కచ్చె పోసి కట్టిన చీరలో ఉండేది. భర్త సమ్మయ్య రైల్వేలో హమాలీ. లాలాపేటలో రెండు గదుల పెంకుటిల్లు వాళ్లది. భువనగిరి దగ్గరి పల్లె నుంచి పెళ్లయిన ఏడాది తల మీద సామాను మూటతో నడిచి పట్నం వచ్చింది. ఆ తర్వాత తల్లి బతికి ఉన్నన్నాళ్లూ, రైలు ఉన్నా సరే, ఏడాదికి రెండు మూడుసార్లు కాలినడకనే పోయివచ్చేది. రైల్లో కూర్చుంటే తల తిరుగుతుందట.

వేదవతి మేడం మాకు జాగ్రఫీ చెప్పేది. మ్యాపులు గీయడం కాదు, నేలను కాళ్లతో తెలుసుకోవాలని ఆమె పట్టుదల. 1966 చలికాలంలో నడక సంఘం మొదలుపెట్టి, క్యాంపస్ నుంచి భువనగిరి కొండ దాకా రోడ్డు తగలకుండా పోయే దారి ఎవరికైనా తెలుసా అని వాకబు చేసింది. తోట మేస్త్రి బుచ్చిరాములు ఈరమ్మను చూపించాడు. అట్లా ముందు ఈరమ్మ, ఆమె వెనక నోటుబుక్కుతో మేడం, వాళ్ల వెనక మేము. హాస్టళ్ల వెనక నుంచి హబ్సిగూడ, నాచారం, చర్లపల్లి, ఘట్‌కేసర్, ఇట్లా ఇరవై ఆరు మైళ్లు. తాటిచెట్లలోంచి, చెరువు కట్టల మీదుగా, బండల నడుమ నుంచి పోయే దారి. ఎక్కడ దారి చీలితే అక్కడ ఒక రాయి పాతి, సున్నం కొట్టి, జాజుతో బాణం దిద్దాం. నూట నలభై రాళ్లు. ఆ తర్వాత ఆ గుర్తులు చూసుకునే నడిచేవాళ్లం, ఈరమ్మ మాతో రావలసిన పని లేకపోయింది.

దారి గీయడం ఒక ఎత్తు, దాన్ని నిలబెట్టడం ఇంకో ఎత్తు. ఒక వాన పడితే తుమ్మ కంప అడ్డం పెరుగుతుంది. వాగులో వేసిన అడుగురాళ్లు కొట్టుకుపోతాయి. ఎవరో రైతు కొత్తగా ముళ్లతీగ కడతాడు. మేడం పైవాళ్లతో మాట్లాడి, నెలకు రెండుసార్లు శని, ఆదివారాలు ఈరమ్మకు ఆ పనే వేయించింది. కొడవలి, సున్నం డబ్బా, జాజు ముద్ద, ఒక సద్ది మూట. పోయేటప్పుడు నడిచి పోయేది, వచ్చేటప్పుడు మాత్రం తల తిరిగినా ప్యాసింజర్ బండెక్కి మౌలాలిలో దిగేది.

సోమవారం పొద్దున డిపార్ట్‌మెంటు వరండాలో నల్లబల్ల ముందు ఇద్దరూ నిలబడేవాళ్లు. ఈరమ్మ చెప్పేది, మేడం రాసేది. మొదట్లో మేడం దాన్ని తన గుంటూరు తెలుగులోకి మార్చి రాసేది. ఒకసారి ఈరమ్మ "అమ్మా, మీరు రాసింది జర సదువుండ్రి" అని అడిగి, విని, "నేను గట్ల జెప్పలేదు" అన్నది. అప్పటి నుంచి మేడం అన్నది అన్నట్టే రాసింది. 'నాచారం అవతల వాగు మోకాలిబంటి. పొయ్యేటోళ్లు చెప్పులు చేతవట్టుకోవాలె. ఏడో మైలు బావిల నీళ్లు మంచిగున్నయి. జంట తాటిచెట్ల మీద తేనెటీగలు తుట్టె వెట్టినయి, సప్పుడు జెయ్యొద్దు.' మొదట నవ్విన పిల్లలే తర్వాత ఆ బల్ల చదవకుండా అడుగు వేసేవాళ్లు కాదు. నేనైతే సీతాఫల్‌మండి నుంచి వస్తూనే ముందు అక్కడికే పోయేదాన్ని.

మేడం పడిపోవడానికి ఆరు రోజుల ముందు బల్ల మీద రాసి ఉంది: 'చర్లపల్లి దాటినంక గుట్టల మీద బాట మంచిగున్నది.'

ఆ ఆదివారం సాయంత్రం ఆసుపత్రి నుంచి నేరుగా లాలాపేటకు పోయాను. ఈరమ్మ పొయ్యి ముందు కూర్చుని జొన్నరొట్టె తడుతోంది. చెప్పాను.

"ఏ గుట్ట?" అన్నది.

చెప్పాను. క్వారీ సంగతి కూడా చెప్పాను.

"ఏ గుట్ట బిడ్డా?" అని మళ్లీ అడిగింది, నేనేమీ చెప్పనట్టు. పెనం మీద రొట్టె మాడి పొగ లేస్తోంది. సమ్మయ్య వచ్చి పెనం దించి, "పిల్ల జెప్పింది గదనే, చర్లపల్లి అవతల" అన్నాడు. ఈరమ్మ చేతిలో పిండి ముద్ద అట్లాగే ఉంది. నేను లేచి వస్తుంటే కూడా నా వైపు చూడలేదు.

తెల్లారి ఆమె గుట్ట దగ్గరికి పోయింది. అక్కడ జరిగింది చాలా రోజుల తర్వాత తనే నాకు చెప్పింది. పైనుంచి బాట వెంటే వెళ్లి తన రాయి పక్కన కూర్చుందట. రెండేళ్లు తను నడిచిన నేల గాలి అయిపోయింది. "కండ్లు తెరుసుకునే ఉన్న గని, నమ్మబుద్ధి గాలే. రాయి నాదే, బాణం నాదే. నా చేతులతోని నేనే మేడమును గా గుంతల తోసినట్లు అనిపిచ్చింది" అన్నది.

కింద నుంచి ఎంకన్న చూసి పైకి వచ్చాడు.

"అక్కా, గా తెల్ల రాళ్లు నీయేనా?"

"నాయే అన్నా."

"నేను హద్దు రాళ్లనుకున్న. ఎవలన్న భూమి కొలిపిచ్చిన్రో ఏమో అని పరేషానైన. బండ పేల్చే మందు వెట్టేముందు అడుగుదామని శనివారం, ఐతారం రెండు దినాలు గీ రాయి కాడనే కూసున్న. ఒక్క మనిషి రాలే. సోమారం పని షురూ జేసినం."

ఆ శనివారం, ఆదివారం ఈరమ్మ బాట చూసే రోజులు. ఆ శనివారం మధ్యాహ్నం ఆమె ఆ రాయి పక్క నుంచే పోవాలి. పోలేదు. చర్లపల్లి దాటగానే కుండపోత వాన. రోడ్డు మీద ఇటుకల లారీ ఆగింది. డ్రైవరు "అమ్మా, ఎక్కుతవా?" అన్నాడు. ఎక్కింది. గుట్టల మీది మూడు మైళ్లు వదిలేసి ఘట్‌కేసర్‌లో దిగి, అక్కడి నుంచి మిగతా బాటంతా నడిచింది. సోమవారం బల్ల ముందు ఆ మూడు మైళ్ల దగ్గరికి వచ్చేసరికి, పదిహేను రోజుల కింద చూసిందే కదా అనుకుని, మంచిగున్నది అనేసింది. రెండేళ్లలో నడవకుండా చెప్పిన మాట అదొక్కటే.

నడిచి ఉంటే ఎంకన్న ఆమెను అడిగేవాడు. ఆమె చెప్పేది.

యూనివర్సిటీలో ముగ్గురితో విచారణ వేశారు. బుచ్చిరాములు ఆమెను పక్కకు పిలిచి నచ్చజెప్పాడు. ఆయన చెడ్డవాడు కాదు, తన కింది మనిషిని కాపాడుకోవాలని చూశాడు. "నువ్వు పోవాల్సిన దినం బాట ఉండనే ఉన్నదా లేదా? ఆ మేస్త్రే జెప్పిండు గద, సోమారం మందు వెట్టిన్రని. ఇగ నువ్వన్నది అబద్ధమెట్లయితది? నడిచిన అని ఒక్క మాట జెప్పు, కిస్సా ఖతం."

విద్యార్థుల తరఫున సాక్ష్యానికి నన్ను పిలిచారు. ఆ గదిలో నేను గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాను. విచారణ చేసే ముగ్గురిలో పెద్దాయన కళ్లజోడు తీసి, మామూలుగా, అడగాలి కాబట్టి అడిగినట్టు, "ఆ శనివారం నువ్వు బాటంతా చూశావు కదమ్మా?" అన్నాడు. జవాబు ముందే రాసుకున్నట్టు పక్కాయన కలం కాగితం మీద పెట్టాడు.

"లేదయ్యా. మూడు మైళ్లు నడువలే. లారీ ఎక్కిన."

కలం ఆగిపోయింది. బుచ్చిరాములు తల పట్టుకున్నాడు. ఆమె అక్కడితో ఆపలేదు. ఎంకన్న రెండు రోజులు రాయి దగ్గర కూర్చున్న సంగతి కూడా చెప్పింది. ఎవరూ అడగలేదు, ఎవరికీ తెలియదు. ఈ మనిషి ఎందుకిట్లా తన మెడకు తనే ఉరి బిగించుకుంటోంది అనిపించింది. ఇంకో వైపు, ఆమె చెప్పింది కాబట్టి గుట్ట ఎక్కాను, నేను మేడం వెనక రెండో మనిషిని, ఆ లెక్కన ఇంకో రెండడుగులు వేసి ఉంటే నేనూ పడేదాన్నే అనిపించింది. జాలి, కోపం రెండూ ఒకేసారి వచ్చాయి. ఏది ముందో ఇప్పటికీ చెప్పలేను.

ఆమెను మూడు నెలలు పనిలోంచి నిలిపేశారు. బాట పని పూర్తిగా తీసేశారు.

ఆ వారమే నాతో కలిసి ఆసుపత్రికి వచ్చింది. మేడం కాలు బరువులకు కట్టి ఎత్తి పెట్టి ఉంది. ఈరమ్మను చూడగానే నవ్వి, "రా ఈరమ్మా, నువ్వేం దిగులు పడకు. రాత్రికి రాత్రి క్వారీ వాళ్లు తవ్వేస్తే నువ్వేం చేస్తావు?" అన్నది. విచారణలో జరిగింది ఆమెకు ఇంకా ఎవరూ చెప్పలేదు. నేను ఈరమ్మ చెయ్యి గట్టిగా పట్టుకున్నాను, ఇప్పుడొద్దు అన్నట్టు. ఆమె చెయ్యి విడిపించుకుని, మంచం కాళ్ల దగ్గర నిలబడి, వాన దగ్గర నుంచి మొదలుపెట్టి అంతా చెప్పింది.

మేడం ముఖంలో నవ్వు వెంటనే పోలేదు. కాసేపు అట్లాగే ఉండి, తర్వాత మెల్లగా పోయింది.

"నువ్వు చెప్పిన ప్రతి మాటా నేను అక్షరం మార్చకుండా రాశాను" అన్నది. తర్వాత, "ఇదంతా నాకెందుకు చెప్పావు? చెప్పకపోతే బాగుండేది కదా" అన్నది. తర్వాత తల పక్కకు తిప్పుకుంది. మేం బయటికి వచ్చేదాకా అటే చూస్తూ ఉంది.

బయట ఈరమ్మ నాతో ఒక్కటే అన్నది. "ఆమెకు జెప్పకుంట ఇంకెవలకు జెప్పినా ఏం ఫాయిదా బిడ్డా?"

పని లేని ఆ మూడు నెలల్లో ఆమె ఏం చేసిందో ఎంకన్న వల్ల తెలిసింది. రోజు విడిచి రోజు గుట్ట దగ్గరికి వచ్చేదట. ఎవరూ పంపలేదు, ఎవరూ అడగలేదు. మొదటి రోజే గుట్ట ఎక్కే చోట తుమ్మ కంప అడ్డం వేసింది. క్వారీ మనుషులను బతిమాలి అంచు వెంట నడుమెత్తు రాతిగోడ పెట్టించింది. గుట్ట చుట్టూ కింది నుంచి అరమైలు ఎక్కువైనా చదునుగా పోయే కొత్త దారి వెతికి, పాత రాళ్లన్నీ పీకి, మోసి, అక్కడ పాతింది. నేను డిసెంబరులో పోయి చూశాను. గుట్ట మీద ఒకప్పుడు బాట ఉండేదని గుర్తుపట్టడానికి ఒక్క తెల్ల రాయి కూడా మిగల్చలేదు.

మరుసటి జనవరిలో తెలంగాణ ఉద్యమం మొదలై క్లాసులు ఆగిపోయాయి. తార్నాక చౌరస్తాలో ఎప్పుడూ పోలీసు వ్యాన్లే. నడక సంఘం సంగతి ఎవరికి పట్టింది? ఈరమ్మను తోట పనిలోకి మళ్లీ తీసుకున్నారు. మేడం ఆసుపత్రి నుంచి గుంటూరు పోయి దాదాపు ఏడాది అక్కడే ఉండిపోయింది. ఈరమ్మ సంగతి ఏ ఉత్తరంలోనూ రాయలేదు, అడగలేదు.

1969 చివర క్లాసులు మొదలయ్యాక ఒక పొద్దున ఆర్ట్స్ కాలేజీ ముందు రిక్షా ఆగింది. మేడం దిగింది. ఒక కాలు పొట్టిదైంది, చేతికర్ర ఉంది. ఎదురుగా అన్ని మెట్లు. నేను, ఇంకో ఇద్దరం పరుగెత్తాం. మేడం వద్దన్నట్టు తల ఊపి, పచ్చికలో గొంతుక్కూర్చుని కలుపు పీకుతున్న మనిషి వైపు తిరిగింది.

"ఈరమ్మా, ఇట్లా రా."

ఈరమ్మ ఎవరినో పిలుస్తున్నారనుకుని వెనక్కి చూసింది. తర్వాత లేచి, చేతుల మట్టి కొంగుకు తుడుచుకుంటూ వచ్చింది. మేడం ఆమె భుజం మీద చెయ్యి వేసింది. ఇద్దరూ ఒక్కో మెట్టూ ఎక్కారు. నేను పుస్తకాలు పట్టుకుని వెనకే ఉన్నాను. సగం ఎక్కాక మేడం ఆయాసంతో ఆగింది.

"ఆ శనివారం వాన బాగా పడిందా?"

"మస్తు పడ్డదమ్మా. ముందున్న మనిషి కానరాకుండె."

"ఊఁ" అన్నది మేడం. ఊపిరి తీసుకుని, మళ్లీ ఎక్కడం మొదలుపెట్టింది. పైకి చేరాక మేడం భుజం వదిలి, కర్ర ఊతంతో తన గది వైపు వెళ్లిపోయింది. ఈరమ్మ దిగివచ్చి పచ్చికలో తన చోట కూర్చుంది. క్లాసు గంట కొట్టేదాకా నేను చూస్తూనే ఉన్నాను. ఆమె చేతులు నేల మీద ఉన్నాయి గానీ, ఒక్క పరక పీకలేదు.