నెమ్ము పీల్చే మిషన్

ఆ రోజుల్లో నా ధ్యాస దేవుడి మీద కంటే గోడ మీద ఎక్కువ. నిద్ర లేవగానే, పళ్ళు తోముకోకముందే వెళ్ళి పడకగది వెనకగోడకు అరచెయ్యి ఆనించి చూసేవాణ్ణి. తడి. సాయంత్రం పని నుంచి వచ్చి చెప్పులు విడవకుండానే మళ్ళీ చూసేవాణ్ణి. తడే. పెళ్ళైన కొత్తలో జనం భార్యను తలుచుకుని కవితలు రాస్తారట. నేను మాత్రం గోడను తడుముతూ కూర్చున్నాను.

ఎనభైల మొదట్లో నాకు ఆళ్లగడ్డలో గుమాస్తా ఉద్యోగం. ఎండాకాలంలో కాలవ పక్కన ఒక మట్టిమిద్దె అద్దెకు దొరికింది. లోపల చల్లగా ఉందని మురిసిపోయాను. (ఎందుకు చల్లగా ఉందో అడగాలన్న జ్ఞానం అప్పటికి రాలేదు.) కాలవకు నీళ్ళు వదిలారో లేదో, ఆ గోడ కింది నుంచి పై దాకా నెమ్మెక్కింది. నా భార్య అప్పుడు తొలికాన్పుకు నందికొట్కూరులో పుట్టింట్లో ఉంది. ఆడపిల్ల పుట్టింది. తల్లీబిడ్డలను పంపేముందు ఇల్లు చూసిపోదామని మా అత్త వచ్చింది. వంటిల్లు బాగుందంది. పడకగదిలో గోడ మీద చెయ్యి పెట్టి తీసి, కొంగుకు తుడుచుకుంది.

"ఈ నెమ్ములో పసిబిడ్డను యాడ పండబెడతావు నాయనా? గోడ ఆరినాక జాబు రాయి, పంపుతాం."

అంతే, నా బతుకు గోడకు చిక్కుకుంది. ఇంటి యజమాని పెద్దాయన మూలల్లో ఉప్పు మూటలు పెట్టమన్నాడు. పెడితే ఉప్పే నీరై గదిలో ఇంకో తడి తయారైంది. కుంపటి పెడితే గోడ ఆరలేదు గానీ నా కళ్ళు వాచాయి. ఇంతలో పాప బోర్లా పడిందని, ఓళిగలు చేసి వీధంతా పంచామని జాబు వచ్చింది. నాకు ఓళిగా లేదు, పాపా లేదు.

నంద్యాలలో విత్తనాల గోదాములో పనిచేసే స్నేహితుడొకడు నా ఏడుపు విని, గాలిలో నెమ్ము పీల్చే మిషన్లు తమ దగ్గర పాతవి రెండు మూలపడి ఉన్నాయన్నాడు. పెద్దది పెడితే వీధిలో దీపాలు పోతాయట. చిన్నది పెడితే గోడ సంగతి చెప్పలేడట. గోదాములో ఆ రెండింటి మధ్యా పెళ్ళిచూపులకు వెళ్ళినవాడిలా అటూ ఇటూ తిరిగి, చివరికి బస్సు టాపు మీదికి ఎక్కేది ఏదో దాన్నే ఎంచుకున్నాను. తలుపు మూసి పెట్టాలని వాడు మరీ మరీ చెప్పాడు.

మొదటి రోజే అడుగు పళ్ళెంలో నీళ్ళు చేరాయి. అది పెద్దాయన కంటబడింది.

"ఈ నీళ్ళు యాడివప్పా?"

గాలిలోవన్నాను. ఆయన నమ్మక, మిషన్ కింద చెయ్యి దూర్చి పైపు కోసం వెతికాడు. దొరకలేదు. ఇక వీధి వీధంతా మా ఇంట్లోనే. తలుపు మూయాలని బతిమాలితే, వచ్చినోళ్ళ మొహాన తలుపేస్తావా అని నొచ్చుకున్నారు. మా వైపు అంతకు మించిన అవమానం లేదు. తలుపు బార్లా తెరిచి ఉంటే కాలవ గాలి నేరుగా లోపలికి. పాపం ఆ మిషన్ మా గోడను వదిలేసి కాలవను తోడే పనిలో పడింది. పెద్దాయన మాత్రం దాన్ని ఎండాకాలం దాకా తిరిగి ఇవ్వొద్దని, బావి ఎండితే పనికొస్తుందని పట్టుబట్టాడు. ఎండాకాలం గాలిలో నెమ్ము ఉండదు, నీళ్ళు రావని చెప్పాను. ఆయన మిషన్ నెత్తిన ఒకటి తట్టాడు.

"వద్దన్నప్పుడు ఇచ్చి, కావాలన్నప్పుడు ఇయ్యకపోతే ఏం మిషనప్పా ఇది?"

ఆ సాయంత్రం గోడకెదురుగా కూర్చుని నిజంగానే ఏడ్చాను. నా కూతురు నన్ను గుర్తుపట్టే వయసుకు కూడా ఆ గోడ ఆరదనిపించింది.

ఆ ఆదివారం జనం గదినిండా ఉండగా, చంకలో పాపతో నా భార్య గడపలో నిలబడింది. వెనక ట్రంకుపెట్టెతో మా మామ. వాళ్ళమ్మతో పోట్లాడి బయల్దేరిందట. సంతోషించాల్సిందిపోయి, గోడ ఇంకా ఆరలేదని గొణిగాను.

"గోడ ఎప్పుడు ఆరాల, మేమెప్పుడు రావాల?" అంటూ లోపలికి వచ్చేసింది. పాప గుక్కపట్టింది. అందరి వైపూ ఒకసారి చూసి, "పాలియ్యాల" అంది.

పెద్దాయనతో సహా అందరూ తలలు దించుకుని బయటికి నడిచారు. తలుపు మూసుకుంది. పసిబిడ్డకు పాలు ఆకలైనప్పుడల్లా కావాలి గనక, ఆ తలుపు ఆ తర్వాత మూసే ఉంది. పాపను ముందుగదిలో పడుకోబెట్టి, మిషన్ వెనక వచ్చే వెచ్చటి గాలికి పాప గుడ్డలు ఆరేసుకునేది మా ఆవిడ. కొన్నాళ్ళకు ఒక పొద్దున అలవాటు కొద్దీ చెయ్యి పెడితే, గోడ పొడిగా ఉంది. అది ఆరితే వాళ్ళు వస్తారని అన్నాళ్ళు కాచుకున్నాను. వాళ్ళు వస్తే గానీ అది ఆరలేదు.

ఇప్పటికీ ఎవరింటికి పోయినా నా చెయ్యి నాకు తెలియకుండానే గోడ మీదికి పోతుంది. పక్కన మా ఆవిడ ఉంటే, తలైనా తిప్పకుండా, "ఆరిందా?" అంటుంది.